ఊరు దాటని వీరుడు

ఒక ఊరిని కట్టి, ఆ ఊళ్లో ఒక వీరుణ్ణి పుట్టించి, వాడి చేతికి కత్తి కూడా ఇచ్చి, చివరికి వాడు తన ఇంటి గడప దాటి పది అడుగులు వేయలేకుండా చేసిన మేధావిని నేను. అదేదో చాటుగా చేసిన ఘనకార్యం కూడా కాదు. కామారెడ్డిలో ఒక కాలేజీ హాలు నిండా జనం చూస్తుండగా, పెద్ద తెర మీద చేశాను. మీరు ఎప్పుడైనా ఏదైనా తెలివితక్కువ పని చేసి, అది గుర్తొచ్చినప్పుడల్లా దిండులో మొహం దాచుకుంటున్నట్లయితే ఇది చదవండి. చదవడం అయ్యేసరికి మీ మీద మీకు కొంచెం గౌరవం కలుగుతుంది.

అప్పట్లో నేను బీకాం పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉన్నానని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. "ప్రాజెక్టు మీద ఉన్న" అనేదాన్ని. ఆ ప్రాజెక్టు ఒక వీడియో గేము. ఇప్పటి మెరుపుల ఆట కాదు, పాతకాలం తరహా. చిన్న చిన్న చదరాలతో గీసిన బొమ్మలు, పైనుంచి చూస్తున్నట్టు కనిపించే ఊరు, ఎదురుపడిన ప్రతి మనిషితోనూ ముచ్చట్లు, వంతుల వారీగా కొట్టుకోవడం. ఆడేవాళ్లు ఒక పాత్రలో దూరి వాడి కష్టాలన్నీ మోయాలి. ఆటకు పేరు 'ఊరు దాటినోడు'. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు అది తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కథ కూడా నాదే. కొండ మీది రాక్షసుడు ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కోడిపుంజును ఎత్తుకుపోతాడు. కోడి కూయలేదు కాబట్టి ఆ ఊరికి తెల్లవారదు. సిద్ధులు అనే పిల్లగాడు ఊరు దాటి, అడవి దాటి, కొండెక్కి కోడిని తేవాలి. అంతా చీకటే కాబట్టి రంగులు వేసే పని తగ్గుతుందన్నది నా దూరదృష్టి. అంత దూరం చూడగలిగిన నాకు కళ్ల ముందున్నది ఎందుకు కనిపించలేదని మాత్రం అడగకండి.

మేం ముగ్గురం. కోడ్ రాసేవాడు నవీన్, మా మల్లేశం కాక కొడుకు, నాకు తమ్ముడు. వాళ్లది ఎల్లారెడ్డి. బస్టాండుకు దగ్గర్లో కాకకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. ఆ దుకాణం పైన గదిలోనే మా ఆఫీసు. కిందనుంచి వచ్చే పురుగుమందుల వాసనకు మా గదిలో దోమ కూడా బతికేది కాదు. బొమ్మలు వేసేది లావణ్య. కామారెడ్డిలో మా వీధే. జాకెట్ల మీద మగ్గం వర్కు చేస్తుంది. నెమళ్లు, మామిడి పిందెలు అన్నీ ముందు గళ్ల కాగితం మీద గీసుకునేది. మా ఆట సంగతి చెప్పగానే, "గళ్లు నింపుడే గదక్కా, దారానికి బదులు రంగు" అని కూర్చుని ఒక్క పూటలో గేదెను గీసి ఇచ్చింది.

ఇక నేను. నాకు కోడ్ రాదు. బొమ్మలు రావు. అందుకని డైరెక్టర్ అయ్యాను.

"నువ్వేం జేస్తవక్కా?" అని నవీన్ మొదటి రోజే అడిగాడు.

"ఆలోచిస్త" అన్నాను.

"ఆలోచించి?"

"మీకు చెప్త."

వాడు ఇంకేమీ అడగలేదు. వాడి మంచితనం అది. నిజానికి ఈ కథలో పోయేది ఏదైనా ఉంటే అది వాడిదే, నాది కాదు. ఎందుకంటే మా ఆఫీసు మెట్ల కింద ఒక బోర్డు ఉండేది. 'నవీన్ ట్రేడర్స్' అని ఎర్రటి అక్షరాలతో కాక ముందే చేయించి, గోడకు ఆనించి, పాత చీర కప్పి పెట్టాడు. కాక వాడికి ఒక షరతు పెట్టాడు, అదీ నేనూ లావణ్యా అక్కడుండగానే.

"ఇగో బిడ్డా, కామారెడ్డి కాలేజీల మీ ఆట సూపిస్తరంట గద. గాడికి హైదరాబాద్‌కెల్లి పెద్దసారు ఒస్తడంట గద. గా సారు మంచిగుంది, పనికొస్తది అంటే నీ ఇష్టం, నేను అడ్డం రాను. అనకుంటే మాత్రం వానకాలం పంటకు నువ్వొచ్చి గల్లా మీద కూసోవాలె. బోర్డు గూడ ఐపోయింది."

కాక చెడ్డవాడు కాడు. రెండేళ్లు కొడుకు కంప్యూటరు ముందు కూర్చుంటే నోరెత్తకుండా అన్నం పెట్టాడు. కానీ నవీన్ ఆ దుకాణంలో ఉండలేడు. ఒకసారి కాక లేనప్పుడు కూర్చోబెడితే, మక్క విత్తనాలు అడిగినాయనకు పొద్దుతిరుగుడు ఇచ్చి పంపాడు. ఆయన పొలంలో పచ్చటి పూలు పూసినప్పుడు కాక పోయి చేతులు జోడించి వచ్చాడు. మెట్లెక్కేటప్పుడు నవీన్ ఆ బోర్డు వైపు చూసేవాడు కాడు. వాడికి అదంటే నిజంగా భయం. అది చూసి నాకు జాలేసేది, అయినా డైరెక్టర్లు అలాంటివి బయటికి కనపడనివ్వరు కదా.

ఆట మొదలుపెట్టిన కొత్తలో నవీన్ ఒక ప్రశ్న అడిగాడు.

"అక్కా, ఊళ్లె మనుషులకు సిద్ధులు ఎదురైతడు. గాళ్లు ఫస్టు ఏమనాలె?"

"ఏమంటర్రా మనోళ్లు? 'ఏడికి వోతున్నవ్ రా' అంటరు. ఇంకేమంటరు?"

"అందరు గదే అంటరా?"

"అందరు గదే అంటరు. నువ్వు బజార్ల నడువు, ఒక్కలన్న అనకుంట ఉంటరేమో సూడు."

వాడు ఊరందరికీ అదే మాట పెట్టాడు. బీడీలు చుట్టే ఎల్లవ్వ, మేకల నర్సయ్య, మంచం మీద పడుకున్న ముసలాయన, అందరూ సిద్ధులు రెండు గళ్ల దూరంలోకి రాగానే "ఏడికిరా సిద్ధులూ?" అంటారు. చాలా సహజంగా ఉందని నన్ను నేను మెచ్చుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే నేనివాళ మీకు ఇదంతా చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

కొన్ని నెలలయ్యాక ఒక పొద్దున లావణ్య, నేను ఎల్లారెడ్డి పోవడానికి బయలుదేరాం. నేను గడప దిగానో లేదో ఎదురింటామె ఊడుస్తూ ఊడుస్తూ, "ఏడికే సంధ్యా, గింత పొద్దుగాల?" అంది. అరుగు మీద కూర్చున్న మా అవ్వ ఒక్క గావుకేక పెట్టింది.

"పోయే పిల్లను ఏడికి అని అడుగుతరా ఎవరన్న! రాయే, లోపలికి రా! కూసో. నీళ్లు తాగి పో."

"అవ్వా, బస్సు పోతది!"

"పోతే పోనియ్. కూసో అంటున్న!"

కూర్చున్నాను. నీళ్లు తాగాను. బస్సు పోయింది. తర్వాతి బస్సులో తిట్టుకుంటూ పోతుంటే లింగంపేట ఇవతల మేం వదులుకున్న బస్సే టైరు పేలి రోడ్డు పక్కన ఒరిగి ఉంది. జనమంతా దిగి చెట్ల నీడ వెతుక్కుంటున్నారు. నా బుర్రలో బల్బు వెలిగింది. అది ఫ్యూజు కొట్టే ముందు వెలుగని నాకు తెలియదు.

"లావణ్యా! గిది మన ఆటల పెట్టాలె!"

"ఏంది, పంచరా?"

"కాదే! ఏడికి అని అడిగితే మల్ల ఇంటికి వోయి కూసోవాలె, నీళ్లు తాగాలె. గప్పుడు మల్ల బయలెల్లాలె. గింత మంచి రూలు ప్రపంచంల ఏ ఆటల లేదు!"

లావణ్య కిటికీలోంచి ఆ బస్సును కాసేపు చూసింది. "లేదంటే ఏదన్న కారణం ఉంటదేమో అక్కా" అంది. నేను వినలేదు. ఎల్లారెడ్డిలో దిగగానే చీర కప్పిన బోర్డు పక్కనుంచి పరుగెత్తి మెట్లెక్కాను.

"తమ్మీ, కొత్త రూలు!"

సంగతంతా విని నవీన్ తల గోక్కున్నాడు. "ఎందుకక్కా గిదంత?"

"గదే మన ఆట. వేరే దేశపోళ్ల ఆటలల్ల గిది ఉంటదా?"

"ఉండదు. గందుకే గవి ముందుకు వోతయ్."

"రాసుడు కష్టమా?"

"కష్టం కాదు. కని..."

"కని లేదు, గిని లేదు. డైరెక్టర్ ఎవరు?"

"నువ్వే అక్కా."

"పెట్టు మరి."

పెట్టాడు. అంతటితో ఊరుకున్నానా? లేదు. నీళ్లు ఊరికే ఎలా వస్తాయి, ఇంట్లో కుండ ఉండాలి, కుండలో నీళ్లు అయిపోతే బావికి పోయి తేవాలి అని ఇంకో మెలిక పెట్టించాను. దానికి 'జీవితం' అని పేరు కూడా పెట్టాను.

మీరు ఇప్పటికే నుదురు కొట్టుకుంటున్నారని నాకు తెలుసు. ఊళ్లో అందరూ ఏడికి అని అడుగుతారు, అడిగితే వీరుడు ఇంటికి తిరిగి పోవాలి. ఈ రెండు ముక్కలూ నా నోటి నుంచే వచ్చాయి. పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. మరి పరీక్షించి చూడలేదా అంటారా? చూశాం. నవీన్ ఒక ఖాళీ గది కట్టి, ఒక్క మనిషిని నిలబెట్టి అడిగించాడు. సిద్ధులు గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయి, కూర్చుని, గటగటా నీళ్లు తాగాడు. మేం చప్పట్లు కొట్టాం. అడవిలో యుద్ధాలు సరిచూడాల్సినప్పుడు నవీన్ సిద్ధుల్ని నేరుగా అడవిలోనే దింపేవాడు. పాపం, ఊళ్లోంచి వాణ్ణి ఎవరూ నడిపించనే లేదు.

లావణ్య ఒక్కతే అంది. "అక్కా, కాలేజీకి వోయే ముందట ఒక్కసారి మొదటికెల్లి ఆడి సూద్దామా?"

"నేను రాసిన ఊరు నాకు తెల్వదానే?" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటే ఇప్పటికీ చిరాకు. అయినా నాకు అంత తీరిక ఎక్కడిది? స్టేజీ మీద ఇవ్వాల్సిన ఉపన్యాసం రాసుకుంటున్నాను. అందులో 'రాబోయే తరాలు' అన్న మాట చాలాచోట్ల ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. కాక దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నవీన్‌తో ఎల్లారెడ్డి నుంచి వచ్చాడు. మా అవ్వ కూడా, "నా మనుమడు సినిమా తీసిండంట" అని వీధంతా చెప్పి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. పక్కన లావణ్య. హైదరాబాద్ నుంచి వచ్చిన సారు ఏదో గేముల కంపెనీ నడుపుతాడు. మెత్తని బూట్లు, మెత్తని మాట. ఏది చూపించినా "ఇంట్రెస్టింగ్" అంటాడు. మాకన్నా ముందు ఒక కుర్రాడి ఆట చూపిస్తూ చూపిస్తూ ఆగిపోతే దానికీ "ఇంట్రెస్టింగ్" అన్నాడు.

నేను మైకు పట్టుకున్నాను. "మిగతావి ఆటలు సార్. మాది సంస్కృతి" అని మొదలుపెట్టి, రాబోయే తరాలందరినీ తడిమి వచ్చాను. హాల్లో ఒకతను ఆవులించాడు. నవీన్ ల్యాప్‌టాప్ తగిలించాడు. సారు కుర్చీ లాక్కుని, "నేనే ఆడతాను" అన్నాడు.

సిద్ధులు గడప దాటాడు. పక్కింటి అరుగు మీద బీడీలు చుడుతున్న ఎల్లవ్వ తలెత్తింది. "ఏడికిరా సిద్ధులూ?"

సిద్ధులు గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయి, కూర్చుని, నీళ్లు తాగాడు.

"ఓ! నైస్ టచ్" అన్నాడు సారు. నేను హాలంతా కలియజూశాను, చూశారా అన్నట్టు.

సిద్ధులు మళ్లీ గడప దాటాడు. "ఏడికిరా సిద్ధులూ?" అంది ఎల్లవ్వ. వాడు లోపలికి పోయి నీళ్లు తాగాడు. సారు ఈసారి పెరటి దారి పట్టాడు. అక్కడ మేకల నర్సయ్య. "ఏడికి వోతున్నవ్ రా?" మళ్లీ నీళ్లు. ఎల్లవ్వ అటు తిరిగేదాకా ఆగి, గోడ వారగా నక్కి నక్కి నడిపించాడు. మంచం మీది ముసలాయన నిద్రలోంచే, "గింత చీకట్ల ఏడికిరా?" అన్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు సారు ఎవరూ లేని మూల చూసి పశువుల కొట్టం వెనక నుంచి దూరాడు. అక్కడ లావణ్య గీసిన గేదె ఉంది. అది తల తిప్పి సిద్ధుల్ని చూసింది.

"ఏడికిరా సిద్ధులూ?" అంది గేదె.

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. నవీన్ ఆ మాటను ఊళ్లో ప్రాణమున్న ప్రతిదానికీ కలిపి పెట్టాడట. నా చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

"అక్కా, గా నీళ్ల రూలు..."

"బంద్ చెయ్‌రా! జల్ది బంద్ చెయ్!"

"ఎట్ల జెయ్యాలె? ల్యాప్‌టాప్ సారు ముంగట ఉన్నది. జెర సారు పక్కకు జరిగితే గద!"

సారు జరగడం లేదు. పట్టుదల వచ్చినట్టుంది. నేను పోయి పక్కన నిలబడి, మైకు లేకుండానే ఉపన్యాసం కొనసాగించాను. "సార్, ఇది ఆటగాడి ఓపికను పరీక్షించే ఘట్టం."

"ఎంతసేపు ఉంటుంది ఈ పరీక్ష?"

"ఆటగాడి సంస్కారాన్ని బట్టి సార్."

సారు నావైపు ఒక చూపు చూశాడు. అంతలో తెర మీద 'కుండల నీళ్లు అయిపోయినయ్' అని వచ్చింది. నా జీవితం అనే మెలిక గుర్తుంది కదా. ఇక ఎవరైనా అడిగితే సిద్ధులు నీళ్లు తాగితే తప్ప మళ్లీ బయలుదేరలేడు. నీళ్లు కావాలంటే బావికి పోవాలి. సారు బిందెతో వాణ్ణి బయటికి తెచ్చాడు.

"ఏడికిరా సిద్ధులూ?" అంది ఎల్లవ్వ.

వాడు ఖాళీ బిందెతో లోపలికి పోయి కూర్చున్నాడు. అంతే. ఇక లేవలేదు. ఏ మీట నొక్కినా లేవలేదు. కొండ మీద రాక్షసుడు కోడిని హాయిగా కూర వండుకుని తినొచ్చు, అడ్డుపడే నాథుడు లేడు.

సారు చేతులు దులుపుకుని లేచాడు. "గుడ్ ఎఫర్ట్. ఆల్ ద బెస్ట్" అన్నాడు. ఇంట్రెస్టింగ్ అని కూడా అనలేదు. బ్యాగు భుజాన వేసుకుని తలుపు వైపు నడిచాడు.

కాక కూడా లేచాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "పా బిడ్డా. రేపు బోర్డు ఎక్కిద్దాం" అన్నాడు మెల్లగా. నవీన్ తల ఊపాడు. నాకు అప్పటిదాకా సిగ్గు మాత్రమే ఉంది, ఆ తల ఊపడం చూసి ఏడుపు వచ్చింది. రెండేళ్ల వాడి కష్టాన్ని నేను నీళ్లు తాగించి చంపాను. సారును ఆపాలి. కాళ్లు పట్టుకునైనా ఆపాలి. ఒక్క నిమిషం ఆగండి, తప్పు నాది, వాడిది కాదు అని చెప్పాలి. సారు ఒక కాలు గడప అవతల పెట్టాడు. నేను గొంతు చించుకుని అరిచాను. అరిస్తే ఏం మాట వచ్చిందో తెలుసా?

"సార్! ఏడికి వోతున్రు సార్?"

ముందు వరుసలో మా అవ్వ నుదురు కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినపడింది.

"నీ నోట్ల మన్ను వడ! పోయే మనిషిని ఏడికి అని అడుగుతవానే!"

సారు ఆగిపోయాడు. గడప అవతల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తిరిగి వచ్చాడు. వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

"జెర నీళ్లియ్యిండ్రి" అన్నాడు.

హైదరాబాద్ మెత్తదనం ఎటు పోయిందో పోయింది. అందరం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే ఆయనే కొంచెం సిగ్గుపడ్డాడు. "మాది బిచ్కుంద. గిట్ల అడిగినంక కూసోకుంట పోయిన్నంటే మా అమ్మ ఊకోదు" అన్నాడు.

లావణ్యకు నాకన్నా బుర్ర ఉంది. తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇస్తూ, సారు కుర్చీని కాస్త అటు తిప్పించింది. మా అవ్వ వచ్చి సారు తల మీద చెయ్యి పెట్టి, "పైలం బిడ్డా, నిమ్మలంగ తాగు. గుక్క గుక్క తాగు" అంది. అవ్వ చెయ్యి నెత్తి మీద ఉంటే ఎంత పెద్ద కంపెనీవాడైనా గబగబా తాగగలడా? ఈలోగా నవీన్ ల్యాప్‌టాప్ మీద పడ్డాడు. వాడి వేళ్లు అంత వేగంగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు.

సారు తాగుతూ తాగుతూ పక్కకు తల తిప్పాడు. పెద్ద తెర మీద సిద్ధులు కూర్చుని ఉన్నాడు. కుర్చీలో తను కూర్చుని ఉన్నాడు. చేతిలో సీసా చూసుకున్నాడు, తెర మీది బిందె చూశాడు. అంతే, నోట్లో నీళ్లు ముక్కులోకి ఎక్కేలా నవ్వడం మొదలుపెట్టాడు. అవ్వ నెత్తి మీద తట్టింది.

"అయింది సార్. జెర ఒక్కసారి సూడుండ్రి" అన్నాడు నవీన్.

రూలు తీసేశాడు. గేదె నోరు కూడా మూయించాడు. సారు కళ్లు తుడుచుకుని మళ్లీ ఆడాడు. ఎల్లవ్వ "ఏడికిరా?" అంది, సిద్ధులు ఆగలేదు. నర్సయ్య అడిగాడు, ఆగలేదు. ముసలాయన నిద్రలో అడిగాడు, ఆగలేదు. సిద్ధులు ఊరు దాటుతుంటే హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, నిజంగానే ఎవరో ఊళ్లోంచి గెలిచి వెళ్తున్నట్టు. అడవి వచ్చింది. లావణ్య గీసిన చీకట్లో మిణుగురులు వచ్చాయి. నవీన్ కట్టిన మొదటి యుద్ధం వచ్చింది. సారు ఇంట్రెస్టింగ్ అనలేదు. అసలు మాట్లాడడమే మానేసి ఆడుతూ కూర్చున్నాడు. వెనక వరుసలో మిగతా ఆటలవాళ్లు తమ వంతు కోసం గడియారాలు చూసుకుంటున్నారు.

చివరికి తల ఎత్తి, "కోడ్ ఎవరిది?" అన్నాడు.

నవీన్ చెయ్యెత్తాడు.

"బొమ్మలు?"

లావణ్య చెయ్యెత్తింది.

"మీరిద్దరు హైదరాబాద్ రాండ్రి. ఈ ఆటను మనం పూర్తి చేద్దాం." అని, లేవబోతూ, "మరి గా నీళ్ల రూలు పెట్టింది ఎవరు?" అన్నాడు.

నవీన్ నన్ను చూపించాడు. లావణ్య నన్ను చూపించింది. కాక చూపించాడు. అసలు ఆ రూలును నాకు నేర్పిన మా అవ్వ కూడా చెయ్యి చాచి నన్నే చూపించింది.

సారు నన్ను చాలా దయగా చూశాడు. "మీరు ఈడనే ఉండుండ్రి" అన్నాడు.

ఉన్నాను. నవీన్, లావణ్య హైదరాబాద్ పోయారు. పోయే రోజు కామారెడ్డి స్టేషనుకు పోయి సాగనంపాను, చున్నీ నోట్లో కుక్కుకుని. అందరూ ఏడుస్తున్నాననుకున్నారు. తర్వాత కాక వచ్చి మా బాపుతో కాసేపు మాట్లాడి, నావైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు బీకాం జేసినవ్. లెక్క తెలుసు. దుకాణంల మనిషి లేడు. వానకాలం ఒచ్చె."

"మరి బోర్డు, కాకా?"

"ఐపోయిన బోర్డు. మల్ల మార్చుడెందుకు?"

అలా ఇప్పుడు ఎల్లారెడ్డిలో 'నవీన్ ట్రేడర్స్' గల్లా మీద కూర్చున్నది నేను. రైతులు నన్ను 'నవీన్ మేడం' అంటారు. మొదట్లో సరిచేసేదాన్ని, ఇప్పుడు పలుకుతున్నాను. మక్కలు అడిగినవాళ్లకు మక్కలే ఇస్తున్నాను కాబట్టి కాక సంతోషంగా ఉన్నాడు.

ఆట ఈమధ్యే బయటికి వచ్చింది. మంచి పేరు తెచ్చుకుంది. దుకాణంలో గిరాకీ లేనప్పుడు నేనూ ఆడాను. సిద్ధులు అడవి దాటాక రెండో ఊరు వస్తుంది. ఆ ఊళ్లో ఒక విత్తనాల దుకాణం. అందులో కళ్లద్దాలు పెట్టుకుని, జడ ముందుకు వేసుకుని ఒకామె. ముక్కు కూడా అచ్చు నాదే. లావణ్య ఒక్క గడి కూడా తప్పు నింపలేదు. ఆమెతో మాట్లాడితే ఏమీ అనదు, చేత్తో నోరు మూసుకుంటుంది. ఇంకా ఇంకా మాట్లాడిస్తే ఆగలేక చెయ్యి తీసి, "ఏడికి?" అంటుంది. అంతే. సిద్ధులు అడవి, యుద్ధాలు అన్నీ పోగొట్టుకుని మళ్లీ మొదటి ఊళ్లో, తన ఇంట్లో, బిందె పక్కన కూర్చుని ఉంటాడు.

ఆడినవాళ్లు ఇంటర్నెట్‌లో ఆమెను తిట్టిన తిట్లు నేను చదివాను. కొన్ని నాకు కొత్తవి. ఒకతను, "ఆ దుకాణపామెను చంపే మార్గం ఏమైనా ఉందా?" అని అడిగాడు. కింద నవీన్ జవాబు ఇచ్చాడు. "లేదు. మా అక్క."

కాబట్టి, యూరియా బస్తాల సాక్షిగా, నా తమ్ముడి పేరున్న ఈ బోర్డు సాక్షిగా, మా అవ్వ కొట్టుకున్న నుదురు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో బయలుదేరిన మనిషినిగానీ, గొడ్డునుగానీ, చదరాలతో గీసిన బొమ్మనుగానీ ఆ ఒక్క మాట అడగను. డైరెక్టర్ పదవి జోలికి పోను. ఎవరైనా ఇంట్లోంచి కాలు బయట పెడితే చున్నీ నోట్లో కుక్కుకుంటాను.

ఇదంతా చదివి మీరూ లేస్తున్నట్టున్నారు. వెళ్లండి, మంచిగా వెళ్లండి. నేనేమీ అడగడం లేదు.